వలి: నోటి చుట్టు ముడుతల కథ

చర్మపు ముడుతను వలి యనియు, నెరసిన వెంట్రుకను పలితమనియు మన పూర్వ వైద్యులు జంటగా పేర్కొన్నారు. 11వ శతాబ్దమున నన్నయ తెలుగున చెప్పిన యయాతి కథలో శుక్రుని శాపమున ముదిమి ఒక్కమారుగా వచ్చిపడినది. నలుగురు కొడుకులు దానిని పుచ్చుకొన నొల్లలేదు, పూరుడే పుచ్చుకొన్నాడు. ముదిమిని మరియొకరికి అప్పగింపవచ్చునను ఆశ యెంత పాతదో చూడుడు!

అయితే మూతి చుట్టు ముడుతకు వయస్సొక్కటే కారణము కాదు. పెదవుల చుట్టు కండరము సంచిమూతి త్రాడువలె వలయముగా నుండును. చుట్ట పీల్చిన ప్రతిమారును అది బిగిసి, పై చర్మము నిలువు గీతలుగా ముడుచుకొనును. పండ్లూడినచో పెదవికి లోపలి ఆసరా తప్పును. ఆ ముడుతకు లేపనముకంటె కట్టుడు పండ్లే మేలు. ఇక ఎండ, చర్మమునకు బిగువునిచ్చు పోగులను తెంపును. 1806లో వెలసిన సికింద్రాబాదు దండులోను, చెంతనున్న అల్వాల్, బొల్లారము దారులలోను తెల్లదొరలు వడదెబ్బకు వెరచి జీలుగు బెండు టోపీలు పెట్టెడివారు. నొసటికి నీడ దొరకెను గాని పెదవులకు అంతగా దొరకలేదు. మన పల్లె స్త్రీ ముఖముపైకి లాగుకొను కొంగే ఈ విషయమున నయమని మాకు తోచుచున్నది.

చికిత్సలో చెప్పదగిన మలుపు 1986లో వచ్చినది. మొటిమలకు వాడుచున్న ట్రెటినాయిన్ అను, విటమిన్ ఎ జాతి మందు, ఎండ తెచ్చిన సన్నని ముడుతలను కొంత తగ్గించునని అమెరికా వైద్యుడు క్లిగ్‌మన్, ఆయన సహచరులు ప్రకటించిరి. గర్భిణులు దానిని వాడరాదు. బొటాక్స్ సూదిమందు తరువాత వచ్చినది; నోటి దగ్గర మోతాదు మించినచో పెదవి పట్టు తప్పి, ఈల వేయుటయు కష్టమగును.

పొగ చేయు హానిలో ముడుత పైకి కనబడు భాగము మాత్రమే. శ్రీకాకుళము ప్రాంతమున చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు, అడ్డపొగ, కలదు. డెన్మార్కు వైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశపు వైద్యులు కలిసి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. అడ్డపొగ త్రాగువారిలో స్త్రీలే ఎక్కువ. వారి అంగిళ్లపై మచ్చలు, పుండ్లు, కొందరికి క్యాన్సరును కనిపించినవి.