నాగార్జునకొండపై ఒక రాత్రి బస

తాండూరునుండి శ్రోత యొకరు ఇటీవల మాకొక జాబు వ్రాసిరి. వారిది నాపరాళ్ల వ్యాపారమట. వేసవి సెలవులలో కుటుంబముతో నాగార్జునకొండకు పోదలచిరట. ఆ చారిత్రక ద్వీపముపై ఒక రాత్రి బస చేయుటకు ఎంత ఖర్చగునో, గది కొరకు ముందుగా ఎవరికి వ్రాసికొనవలెనో తెలుపవలసినదని కోరిరి. వికారాబాదులో రైలు దిగి అనంతగిరికి పోయినవారికి కొండమీదనే బస దొరకుచున్నది గదా. అనంతపద్మనాభస్వామిని సేవించి, చెట్లనీడను ఒక రాత్రి గడిపి, తెల్లవారి దిగిరావచ్చును. నాగార్జునకొండయందును అట్టి వసతియే యుండునని వారి తలంపు.

ప్రత్యుత్తరము ఒక్క వాక్యములో ముగియును. ఆ ద్వీపముపై రాత్రి బస లేదు. ఎంత ధనమిచ్చినను లేదు. పగటివేళ లాంచీలో పోయి, మ్యూజియమును, ఆరుబయట తిరిగి నిలిపిన కట్టడములను చూచి, ఆ లాంచీలోనే తిరిగి రావలెను. ఇంతటితో జాబును మడిచి పెట్టవచ్చును. కాని ప్రశ్న మమ్ము విడువలేదు. ఏలయన, పరదేశమునుండి వచ్చినవాడు తలదాచుకొనుటకై బుద్ధిపూర్వకముగా కట్టిన వసతులు తెలుగునేలపై అచ్చట ఉన్నంత విరివిగా మఱి కొన్ని చోట్లనే కానవచ్చును. పదునేడు వందల యేండ్ల క్రిందట దూరదేశపు భిక్షువు అచ్చట ఒక రాత్రి కాదు, వానకాలమంతయు ఉండిపోయినను అతనిని బాడుగ అడిగినవారు లేరు. ఖర్చు మాత్రము లేకపోలేదు. దానిని ఎవరు భరించిరో రాళ్లమీద చెక్కియున్నది.

ముందుగా ఒక మాట చెప్పవలెను. మనము చారిత్రక ద్వీపమని పిలుచుచున్నాము గాని, ద్వీపము వయస్సు ఇంచుమించు అరువది యేండ్లు మాత్రమే. ఇక్ష్వాకు రాజుల కాలమున, అనగా క్రీస్తు తరువాత మూడవ శతాబ్దిలోను నాల్గవ శతాబ్ది ప్రారంభమునను, అది కృష్ణ ఒడ్డున కొండల నడుమనున్న లోయ. లోయలో విజయపురి అను రాజధాని. నేడు నీటిపైన కనబడునది ఆ లోయలోని ఒక కొండ తల. దాని మీదనున్న కోటగోడలు మధ్యయుగమునాటివి. ఇక్ష్వాకుల నగరము కొండమీద లేదు. కొండ క్రింద ఉండెను. ఈ సంగతి తెలియక లాంచీ దిగినవారు, శాతవాహనుల వెనుక వచ్చిన రాజులు ఇంత చిన్న దీవిలో ఎట్లు కాపురముండిరా యని ఆశ్చర్యపడుట మేము విన్నాము.

ఆ లోయలో ముప్పదికి పైగా బౌద్ధ నిర్మాణములు బయల్పడినవి. స్తూపము, చైత్యగృహము, వీనికి చేరువగా విహారము. విహారమనగా నడుమ స్తంభముల మండపము, దాని చుట్టును వరుసగా చిన్న గదులు. ప్రాకృత శాసనములలో ఇట్టి గదికి ‘ఓవరక’ అని పేరు. మన పాత తెలుగులోని ‘ఓవరి’ దీనికి చుట్టమే. ఒక భిక్షువు పడుకొనుటకు, కూర్చుండి ధ్యానించుటకు చాలినంత చోటు. వర్షాకాలమున మూడు నెలలు భిక్షువు సంచారము మాని ఒకచోట నిలువవలెనని బుద్ధుని నియమము. కావున సంచారికి ఓవరి విలాసము కాదు. వాన మొదలగునప్పటికి తప్పక దొరకవలసిన వస్తువు.

ఇట్టి వసతులు కట్టించినవారిలో బోధిశిరి యను ఉపాసికను మేము మఱవలేము. ఆమె రాణి కాదు. గోవగామమునకు చెందిన గృహస్థుల యింటి స్త్రీ. వీరపురుషదత్తుని పదునాల్గవ పాలనవత్సరమున ఆమె చుళధమ్మగిరిపై ఒక చైత్యగృహమును కట్టించినది. నహరాళ్లబోడు అని మనకాలమున వ్యవహరింపబడిన గుట్ట అది. ఆ కట్టడమును ఆమె సింహళదేశపు ఆచార్యుల కొరకు కట్టించినది. కాశ్మీరము, గాంధారము, చీన, కిరాత, తోసలి, అపరాంతము, వంగము, వనవాసి, ద్రమిళము మొదలగు దేశములకు ధర్మమును అందించినవారని శాసనము వారిని కీర్తించుచున్నది. కృష్ణ ఒడ్డున నిలిచి ఒక గృహిణి చెప్పించిన భూగోళపాఠమిది.

శాసనము అంతటితో నిలువలేదు. ఆమె ఇతర స్థలములలో చేయించిన పనుల పట్టికయు అందున్నది. సీహళవిహారమున బోధివృక్షమునకు ప్రాసాదము, మహాధమ్మగిరియందు ఒక ఓవరి, దేవగిరియందు ధ్యానశాల, పూర్వశైలమున చెరువు, మండపము. కంటకసోలయందు, అనగా నేటి ఘంటసాలయందు, మహాచైత్యపు తూర్పు వాకిట రాతిమండపము. హిరుముఠువయందు మూడు ఓవరులు, పాపిలయందు ఏడు ఓవరులు. ఇది పొగడ్త కాదు, పద్దు. ఎచ్చట ఎన్ని గదులు కట్టించితిమో లెక్క చెప్పుచున్నది. కంటకసోల సముద్రపు రేవు. టాలెమీ భూగోళములోనికి ఎక్కిన పేరు. సింహళమునుండి ఓడలో వచ్చినవాడు రేవునుండి కృష్ణ వెంబడి విజయపురికి నడచుచుండగా దారిపొడుగున అచ్చటచ్చట ఆమె చేయించిన చెరువు నీరు త్రాగి, ఆమె నిలిపిన మండపమున కూర్చుండి యుండవచ్చునని ఊహించుటకు మాకు ఇష్టముగా ఉన్నది. బోధిశిరి మాత్రము తాను కట్టించిన ఓవరిలో ఒక్క రాత్రియైన నిద్రించియుండదు. భిక్షువుల విహారమున స్త్రీ రాత్రివాసము చేయుట నియమవిరుద్ధము.

రాచకుటుంబపు స్త్రీల పేర్లు ఇంకను ప్రసిద్ధములు. మొదటి రాజైన చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమును తన యల్లుడైన వీరపురుషదత్తుని ఆరవ యేట పూర్తిచేయించినది. శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు ఎడతెగక దానము చేసినదని శాసనములు ఆమెను వర్ణించును. ఉజ్జయినినుండి వచ్చిన మహారాజు కూతురు రుద్రధరభట్టారిక ఒక స్తంభమునకై 170 దీనారిమాషకములు ఇచ్చినది. దీనారమను మాట రోమునుండి వచ్చినది. రోము నాణెములును లోయలో దొరకినవి. వీరపురుషదత్తుని కూతురు, వనవాసి రాజు భార్య కొదబలిసిరి మహీశాసక ఆచార్యుల కొరకు విహారము కట్టించినది. ఇట్టి దానములలో ‘నాలుగు దిక్కుల సంఘమునకు’ అను మాట వచ్చుచుండును. అది అలంకారము కాదు. ఏ దిక్కునుండి వచ్చిన భిక్షువునకైనను ఆ తలుపు తీయవలెనని దాత విధించిన షరతు.

గది కట్టుటకైన ఖర్చు ఒక్కసారి పెట్టునది. ఏటేట అందుండువానికి తిండియు బట్టయు ఎట్లు? దానికి ఆనాటివారు కనిపెట్టిన ఉపాయము అక్షయనీవి. దాత కొంత సొమ్మును ఒక వృత్తిసంఘమువద్ద, అనగా శ్రేణివద్ద, శాశ్వతముగా ఉంచును. అసలు ముట్టరాదు, వడ్డీ మాత్రము వాడవలెను. నాగార్జునకొండ శాసనములలో తమలపాకులవారి శ్రేణి, మిఠాయిలవారి శ్రేణి కానవచ్చుచున్నవి. ఈ పద్ధతి లెక్క స్పష్టముగా తెలియవలెనన్న మాత్రము మనము ఒక్కసారి గోదావరి పుట్టిన దిక్కునకు, నాసిక గుహలకు పోవలెను. అచ్చట నహపానుని యల్లుడు ఉషవదాతుడు విజయపురి కంటె సుమారు నూరేండ్లు ముందుగానే ఇట్టి ఏర్పాటు చేసి, అంకెలతో సహా గోడమీద చెక్కించినాడు.

అతడు 3000 కార్షాపణములను గోవర్ధనమునందలి సాలెవాండ్ర శ్రేణులవద్ద ఉంచెను. అందు 2000 నెలకు నూటికి ఒకటి వడ్డీకి, 1000 నూటికి ముప్పాతిక వడ్డీకి. గుహలో వానకాలమున నివసించు ఇరువదిమంది భిక్షువులకు తలకొక్కింటికి 12 కార్షాపణములు బట్టలకు ఇయ్యవలెను. పెన్సిలు తీసికొని చూడుడు. రెండువేలకు నెలకు ఇరువది, ఏడాదికి 240. ఇరువదిమందికి పండ్రెండేసి చొప్పున 240. ఒక్క కాసు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ లెక్క సరిపోయినప్పుడు మాకు కలిగిన సంతోషము ఏ శిల్పమును చూచినప్పుడును కలుగలేదని చెప్పిన కళారసికులు నవ్వుదురు గాక. వేయింటి మిగిలిన వడ్డీ, ఏడాదికి 90, వారి ఇతర వ్యయములకు. ఇదియే ఆనాటి బస ఖర్చు. దానిని చెల్లించినవాడు బస చేసినవాడు కాడు; మగ్గము ముందు కూర్చున్నవాడు తన రాబడిలోనుండి నెలనెల తీసి యిచ్చెను.

ఇక్ష్వాకుల పిమ్మట విజయపురి ప్రాభవము తగ్గినది. విహారములు శిథిలమైనవి. కాలక్రమమున లోయలో సేద్యము సాగినది. పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలు వెలసినవి. 1926లో మద్రాసు శాసనశాఖకు చెందిన తెలుగు సహాయకుడు ఎ. రంగస్వామి సరస్వతి ఈ శిథిలములను గుర్తించిరి. 1927 నుండి 1931 వఱకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వించెను. 1938లో టి. ఎన్. రామచంద్రన్ మఱల త్రవ్వకములు సాగించిరి.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనది. 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యమున పురాతత్త్వశాఖవారు లోయనంతటిని పరిశోధించిరి. నీటికంటె ముందుగా పోవలెనను తొందరలో చేసిన పని అది. ఐనను చాతిరాతి యుగమునుండి మధ్యయుగము వఱకు లోయ చరిత్ర అందు వెలువడినది. ముఖ్యమైన కట్టడములలో కొన్నింటిని ఊడదీసి కొండమీదికి చేర్చి తిరిగి కట్టిరి. కొన్నింటిని ఒడ్డున అనుపులో నిలిపిరి. మెట్లమెట్లుగానున్న రంగస్థలము అందొకటి. 1966లో కొండమీద మ్యూజియము ఏర్పడినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి.

రాళ్లకు ఆవిధముగా క్రొత్త బస దొరకినది. లోయలో ప్రతి రాత్రియు తమ యిండ్లలో నిద్రించుచుండిన రైతులు, కూలీలు, లంబాడీలు, చెంచులు మూటలు కట్టుకొని లేచిపోవలసి వచ్చెను. సాగరపు నీటివలన పండిన వరిచేలను మేము తక్కువ చేయము. ఆ అన్నము మేమును తినుచున్నాము. కాని బోధిశిరి పేరు పదునేడు వందల యేండ్లు నిలిచినది, ఏడు ఓవరులు ఇచ్చినందుకు. ఇల్లంతయు ఇచ్చిపోయిన పుల్లారెడ్డిగూడెపు గృహిణి పేరు చెక్కిన రాతిని మేము కొండమీద చూడలేదు. మ్యూజియములో బోధిసత్త్వుల ముందు నిలిచియున్నప్పుడు మాకీ సంగతి తట్టలేదు. లాంచీ కూత విని పరుగున రేవునకు దిగి, నీటివంక చూచినప్పుడు తట్టినది. మా కాళ్ల క్రింద ఎంత లోతున ఊరి బావి ఉన్నదో!

ఇక తాండూరు శ్రోతకు మేము వ్రాసిన జాబులోని మిగిలిన భాగము. తాండూరు, వికారాబాదు రెండును 1874లో పూర్తియైన వాడి రైలుమార్గముమీది స్టేషనులే గనుక హైదరాబాదు వఱకు రైలు సుఖము. అచ్చటినుండి సాగరమునకు రోడ్డున సుమారు నూటయేబది కిలోమీటరులు. ఒకే దినమున పోయి రాదలచిన పిల్లలు అలసిపోవుదురు. ఒడ్డున బస చేయుటయే మంచిది. అచ్చటి టూరిజమువారి వసతిగృహమునకు విజయవిహార్ అని పేరు. విహారమను మాట ఇంకను బ్రదికియే ఉన్నది. ఇప్పుడు మాత్రము బాడుగ ఉండును.

మ్యూజియములో ఆయక స్తంభములను, శిల్పఫలకములను చూచునప్పుడు రాయిని కూడ పరీక్షించుడని వారికి వ్రాసితిమి. అది పలనాటి సున్నపురాయి. తాండూరు నాపరాయి పొరను చేతితో తడిమియే మంచిచెడ్డలు చెప్పగలవారికి, ఉలి ఆ రాతిమీద ఎందుకంత నున్నగా నడచినదో మాకంటె బాగుగ తెలియును.

నదుల సంగతి యొకటి వారి పిల్లల కొరకు చేర్చితిమి. అనంతగిరిలో పుట్టిన మూసీ హైదరాబాదు మీదుగా పోయి వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. ఆ సంగమము సాగరపు ఆనకట్టకు దిగువనున్నది గనుక మూసీ నీరు నాగార్జునకొండను తాకదు. తాండూరు ప్రక్కన పారు కాగ్నా మాత్రము పడమటికి పోయి భీమలో కలియును. భీమ కృష్ణలో కలియును. ఆ నీరు శ్రీశైలము దాటి సాగరమును చేరును. తాండూరులో కురిసిన వానకు ఆ ద్వీపముచుట్టు రాత్రులు గడుపుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

శుక్రవారమునాడు మ్యూజియము మూసియుండునని జాబు చివర గీత గీసి వ్రాసితిమి.