పన్ను పీకితే పరుగొస్తుందా?

పోయిన నెల మేడ్చల్ నుంచి మా బాబాయి కొడుకు ఫోను. "అన్నా, ఒక రెండు వేలు కొట్టవా, చైన్ సెట్ మార్పియ్యాలె" అన్నాడు.

"మొన్న దసరాకే కదరా మార్పించింది?"

"అది అరిగిపోయి. ఇది పికప్ కోసం. ముందు స్ప్రాకెట్‌కి ఒక్క పన్ను తగ్గిస్తే బండి గుంజుతదంట. మా దోస్తులందరూ చేయించుకున్నరు."

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. వాడి వయసులో నేనూ సరిగ్గా ఇదే పని చేశాను మరి. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఈ పన్ను కథేంటో చూద్దాం. మనం అనుకునేదానికంటే చాలా పాతది ఇది.

లెక్క సింపుల్. గేర్‌బాక్స్ దగ్గర చిన్న స్ప్రాకెట్, వెనక చక్రానికి పెద్దది, మధ్యలో చైను. ముందు 14 పళ్ళు, వెనక 42 అనుకోండి. 42ని 14తో భాగిస్తే 3. అంటే చిన్నది మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు. ముందు 13 వేస్తే ఆ 3 కాస్తా 3.23 అవుతుంది. వెనక చక్రానికి అందే లాగుడు ప్రతి గేర్లోనూ 7.7 శాతం పెరుగుతుంది. వెనక 45 వేసినా దాదాపు ఇంతే, కానీ ముందుది చిన్నది, చవక. అందుకే అందరూ ముందుదాని మీదే పడతారు.

బాగుంది కదా! కానీ ఇంజన్ పవర్ ఒక్క పిసరు కూడా పెరగలేదు. ఏ ఇంజన్ స్పీడు దగ్గర పాత సెట్‌తో 100లో వెళ్ళేవారో, అదే స్పీడు దగ్గర ఇప్పుడు 93లోనే ఉంటారు. పైగా గేర్లు తొందరగా అయిపోతాయి, ఒక షిఫ్ట్ ఎక్కువ పడితే మిగిల్చుకున్న టైమంతా అక్కడే పోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది ఆప్టిమైజేషన్ కాదు, ట్రేడాఫ్.

ఈ ట్రేడాఫ్ సైకిల్ నుంచే మొదలు. పాత ఫొటోల్లో ముందు చక్రం మనిషంత ఎత్తున్న సైకిల్ చూసే ఉంటారు. పెడల్ నేరుగా ముందు చక్రానికే ఉండేది కాబట్టి స్పీడు కావాలంటే చక్రం పెద్దది చేయడమే దారి. పడితే మూతి పళ్ళు రాలాల్సిందే! 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1885లో స్టార్లీ 'రోవర్' సైకిల్ వచ్చింది. చిన్న చక్రాలు, వెనక చక్రానికి చైను. స్పీడు ఇప్పుడు చక్రం సైజులో లేదు, పళ్ళ లెక్కలో ఉంది.

బైకుల్లో తొలి రోజుల్లో చాలావాటికి తోలు బెల్టే, గేర్లు కూడా ఉండేవి కావు. 1911లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసుని మొదటిసారి కొండ దారిలో పెట్టారు. ఎత్తు ఎక్కలేక బెల్టు బళ్ళు ఆపసోపాలు పడుతుంటే, చైను, రెండు గేర్లు ఉన్న 'ఇండియన్' బళ్ళు సీనియర్ రేసులో మొదటి మూడు స్థానాలూ కొట్టేశాయి. పేరు చూసి కాలర్ ఎగరేయకండి, అది అమెరికా కంపెనీ :)

మన దగ్గరికి వద్దాం. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే దారిలో షోలవరం అని ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద 1950ల నుంచి అక్కడ రేసులు జరిగేవి. 1990లో శ్రీపెరంబుదూరు ట్రాక్ వచ్చేదాకా దక్షిణాది రేసింగ్‌కి అదే కాశీ. రేసులవాళ్ళకి స్ప్రాకెట్ మార్చడం వింతేం కాదు. ట్రాక్‌లో తిన్నటి దారి ఎంత, మలుపులెన్ని అని చూసుకుని పళ్ళు లెక్కేస్తారు. ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ముందు దారి చూసి, తర్వాత పళ్ళు.

మామూలు జనం కూడా అంతే. బుల్లెట్ సంగతే చూడండి. పాత నాలుగు గేర్ల బుల్లెట్లలో వెనక 38 పళ్ళ స్ప్రాకెట్ బ్రేక్ డ్రమ్ముతో కలిసే ఉంటుంది. దాన్ని కదిలించడం కష్టం కాబట్టి ముందు 16 వేయాలా, 17, 18 వేయాలా అన్నదే ప్రశ్న. బరువు మోసేవాడికి తక్కువ పళ్ళు, హైవే మీద తిరిగేవాడికి ఎక్కువ. అవసరం అడిగింది, మెకానిక్ ఇచ్చాడు.

తర్వాత 1985లో యమహా ఆరెక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు సుమారు వంద కిలోలు. రాజ్‌దూత్ 175, యెజ్డీలు చూసిన కళ్ళకి అది రాకెట్టే. 1996లో తయారీ ఆపేసినా దాని మోజు పోలేదు. సిగ్నల్ పడగానే ఎవడు ముందు అన్న పందెం మన కుర్రాళ్ళకి బాగా ఎక్కించింది అదే అని నా అనుమానం. అక్కడి నుంచి పళ్ళ లెక్క దారి కోసం కాకుండా, పక్కవాడి కోసం అయిపోయింది.

ఈలోపు దారే మారిపోయింది. మేడ్చల్ రోడ్డు అప్పట్లో ఎన్‌హెచ్ 7, 2010లో నంబర్లు మార్చాక 44. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి 2010 దశకంలో నాలుగు వరసలైంది. కండ్లకోయ ముక్క 2018లో పూర్తయ్యాక 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ కలిసిపోయింది. ఔటర్ మీదికి బైకుల్ని రానివ్వరు కాబట్టి మేడ్చల్, శామీర్‌పేటల మధ్య కాలేజీ పిల్లలంతా కింద సర్వీస్ రోడ్డు మీదే. తిన్నగా, నున్నగా ఉంటుంది. అక్కడ కొండా లేదు, పాలక్యాన్ల బరువూ లేదు. 93 దగ్గర అయిపోయే బండి ఎందుకు చెప్పండి?

ఇప్పుడు నా సంగతి. బీటెక్ మూడో ఏడులో పన్ను తగ్గించాను. వారం రోజులు రాజాలా తిరిగాను. ఓ సాయంత్రం శామీర్‌పేట వైపు సర్వీస్ రోడ్డు మీద కంకర టిప్పర్‌ని దాటుతున్నాను. సగం దాటేసరికి ఎదురుగా రాంగ్ రూట్‌లో ట్రాక్టర్. యాక్సిలరేటర్ మొత్తం తిప్పాను. ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలట్లేదు. ఆఖరి గేరు, ఆఖరి స్పీడు, ఇంకేం లేదు. పాత స్ప్రాకెట్ ఉంటే ఇంకాస్త మిగిలేది. బ్రేకు కొట్టి టిప్పర్ వెనక్కి ఎలా దూరానో ఇప్పటికీ తెలీదు. సిగ్నల్ దగ్గర నేను గెలుచుకున్న ఆ అర సెకను ఖరీదు ఆ రోజు అర్థమైంది. మర్నాడే 14 పళ్ళది మళ్ళీ వేయించాను. తప్పు స్ప్రాకెట్‌ది కాదు, అలా దాటడం నా తప్పే. కానీ ఆ ధైర్యం ఇచ్చింది మాత్రం ఆ కొత్త పికప్పే.

ఎలక్ట్రిక్ బళ్ళు వచ్చాక ఈ గొడవ కూడా పోతుందేమో. ఏథర్ 450 లాంటి వాటిలో గేర్లు లేవు, బెల్టు ఒక్కటే. పికప్ ఎంత ఇవ్వాలన్నది పళ్ళు కాదు, సాఫ్ట్‌వేర్ మోడ్ తేలుస్తుంది. అంటే రేపు ఆ లెక్క రాసేది మనలాంటివాళ్ళే. దారి చూసి రాస్తామా, పక్కవాడిని చూసి రాస్తామా?

తమ్ముడికి ఇదంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరే అన్నా, మరి ఆ రెండు వేలతో మంచి హెల్మెట్ కొనుక్కుంటా, పంపు" అన్నాడు.

వెంటనే పంపించాను. పికప్ అంటే అదీ!