ఎవరి చేతులు, ఎవరి నీళ్ళు

పోయిన చలికాలంలో ఓ శనివారం వికారాబాద్ దగ్గర, అనంతగిరి కొండల పక్కనున్న ఓ చిన్న హోటల్‌కి వెళ్ళాను. పన్నెండు గదులు, ముందు మామిడి తోట, వెనక ఓ ఈత కొలను. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ మెడ పట్టేసింది. "రెండ్రోజులు ఎక్కడికైనా పోయి ఒళ్ళు పట్టించుకుని, నీళ్ళలో పడుండి రా" అని స్నేహితురాలు పోరితే బయల్దేరాను.

ముప్పై ఆరేళ్ళు వచ్చాక నా ఒంటి సుఖం కోసం నేను డబ్బు కట్టడం అదే మొదటిసారి. పుస్తకాలకి కట్టాను, పిల్ల ఫీజులకి కట్టాను, అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్‌కి కట్టాను. అప్పుడెప్పుడూ లేని సంకోచం ఆ హోటల్ కౌంటర్ దగ్గర పట్టుకుంది. అలసట తీర్చుకోవటం కూడా తప్పేనన్నట్టు పెంచారు మనల్ని. కానీ ఆ సంకోచంలో ఇంకోటి కూడా ఉందని లోపలి గదిలోకి వెళ్ళాక తెలిసింది.

మర్దనా గది గోడ మీద వాగ్భటుడి పేరుతో ఓ బోర్డు ఉంది. 'అష్టాంగ హృదయం' దినచర్య అధ్యాయంలో రోజూ అభ్యంగనం చెయ్యాలని, తలకీ చెవులకీ పాదాలకీ ప్రత్యేకంగా నూనె రాయాలని ఉంటుంది. ఏం రాయాలో, ఎక్కడ రాయాలో, దానివల్ల ఏం లాభమో ఆ శ్లోకం చెప్తుంది. ఎవరు రాయాలో చెప్పదు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి వాక్యంలో కర్త కన్పించకపోతే నాకు ఆగిపోవటం అలవాటు.

ఆ కర్త తలుపు తీసుకుని లోపలికొచ్చింది. నలభై దాటి ఉంటాయి. మెడలో కార్డు మీద థెరపిస్ట్ అని, ఏదో రెండక్షరాల పేరూ ఉన్నాయి. "అది మీ పేరేనా?" అనడిగాను. "కాదు మేడమ్, ఇక్కడికొచ్చినంక పెట్టిన్రు. నా పేరు పాతదంట" అని నవ్వింది.

మొదట మెడ పట్టింది. ఎక్కడ బిగుసుకుందో చెప్పక ముందే ఆ చేతులకి తెలిసిపోయింది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే రెండు జవాబులు చెప్పింది. హైదరాబాద్‌లో మూణ్ణెల్ల కోర్సు చేసింది, సర్టిఫికెట్ ఉంది. అంతకు ముందే, పదేళ్ళప్పుడే, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. వాళ్ళమ్మ చుట్టుపక్కల నాలుగూళ్ళకి మంత్రసాని. క్షౌరం కులవృత్తిగా ఉన్న కుటుంబం. మగవాళ్ళు ఊరికి గడ్డాలు గీస్తే, ఆడవాళ్ళు పురుళ్ళు పోశారు. బాలింత నడుం పట్టారు. కాళ్ళు చాపుకుని కూచుని, వాటి మీద పసిగుడ్డుని పడుకోబెట్టి నూనె రాసి నలుగు పెట్టారు. కల్లం దగ్గర కొలిచే గింజల మీదా, చాటలో పోసే బియ్యం మీదా బతికారు.

"పురుడు ఎల్లేదాకనే మా అమ్మ ఇంట్లకు. పురుడు ఎల్లినంక వాకిట్లకే" అంది ఆమె.

నేను బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను కాబట్టి నా మొహం ఆమెకి కన్పించలేదు. పురిటి గదికి మైల ఉంది కనక ఆ పది రోజులూ ఆ చేతులు లోపలికి రావచ్చు. ఇల్లు శుద్ధి అయ్యాక అవే చేతులు గడప తాకకూడదు. అంటరానితనం గురించి నేను పాఠాలు చెప్తాను. తాకటమే వృత్తిగా ఉన్నవాళ్ళని తాకరానివాళ్ళకి ఆమడ దూరంలోనే నిలబెట్టిన ఈ ఏర్పాటు గురించి ఒక్క పాఠమూ చెప్పలేదు.

తెలంగాణలో ఒళ్ళు పట్టడం అనే మాటకి వెట్టి చరిత్ర కూడా ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి రూపాల్ని చెప్తూ, క్షురకులు దొరల ఇళ్ళల్లో రోజూ పనిచెయ్యాల్సి వచ్చేదనీ, రాత్రిళ్ళు దొర కాళ్ళొత్తి ఒళ్ళు పట్టాల్సి ఉండేదనీ రాశాడు. గడీల్లో ఆడబాపలుండేవాళ్ళు. దొర కూతురికి పెళ్ళయితే సారెతో పాటు అత్తింటికి వెళ్ళిన దాసీలు వాళ్ళు. దొర ఒంటికీ దొరసాని ఒంటికీ సేవ చేసిన ఆ చేతులకి కూలి లేదు, వద్దనే హక్కు లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, కాగితాల్లో దొరకని చరిత్ర ఆడవాళ్ళ నోట్లో ఉందని చూపించింది. అయితే పోరాటంలో లేని, జైలుకి పోని, రోజూ చేసిన పనే జీవితమైన ఆడవాళ్ళని అడిగేవాళ్ళు ఇంకా తక్కువే.

ఈ పనిని ఆధునికులూ గౌరవంగా చూళ్ళేదు. 1885లో డఫరిన్ ఫండ్ వచ్చింది. 1903లో లేడీ కర్జన్ చొరవతో మంత్రసానులకి శిక్షణ ఇవ్వటానికి విక్టోరియా స్మారక నిధి వచ్చింది. బాలింతల మరణాలు నిజం, శుభ్రత అవసరమూ నిజం. కానీ ఆ ప్రయత్నాల చుట్టూ పెరిగిన రాతల్లో మంత్రసాని మురికిది, మూర్ఖురాలు. మన సంస్కర్తల ఇళ్ళల్లోనూ ఆ మాటే స్థిరపడింది. 2005లో జననీ సురక్ష యోజన వచ్చాక కాన్పులు ఆస్పత్రులకి ఇంకా వేగంగా మారాయి. ఎన్నో ప్రాణాలు నిలిచాయి, అది మంచిదే. మంత్రసాని చేతుల్లో ఉన్న మిగతా విద్య ఏమయిందని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అది ఇదిగో, ఈ గదిలో, గంటకి రెండువేల ఐదొందల రూపాయల ప్యాకేజీగా తేలింది.

ఇలా తేలటం కొత్తేం కాదు. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని బ్రైటన్ సముద్రతీరంలో ఆవిరి స్నానాల శాల పెట్టి, నూనెలతో ఒళ్ళు పట్టడాన్ని వైద్యంగా చూపించాడు. 1822లో దాని మీద పుస్తకం వేశాడు. రాజులకే మర్దనా వైద్యుడయ్యాడు. నొక్కడం అనే అర్థమున్న మన 'చాంపో' అక్కడ షాంపూ అయ్యి, తర్వాత తలకి రాసుకునే సబ్బునీళ్ళకి పేరై మళ్ళీ మన కిరాణా కొట్లకే తిరిగొచ్చింది. ఆ శాలలో ఆడవాళ్ళ విభాగాన్ని నడిపింది ఆయన భార్య, ఐరిష్ స్త్రీ జేన్. మర్దనా చరిత్ర రాసేవాళ్ళందరికీ దీన్ మహమ్మద్ తెలుసు. జేన్ పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది.

మర్దనా అయ్యాక కొలను దగ్గరికి వెళ్ళాను. నాకు ఈత రాదు. మా ఊరి మోటబావిలో అన్నయ్యలు నడుముకి జిలుగు బెండ్లు కట్టుకుని దూకుతుంటే, నేను గట్టు మీద వాళ్ళ చొక్కాలు పట్టుకుని కూచునేదాన్ని. ఒకటి రెండుసార్లు దిగాననుకుంటా. పెద్దమనిషినయ్యాక ఆ గట్టు కూడా పోయింది. 1959 సెప్టెంబర్ 29న ఆరతీ సాహా పదహారు గంటలకు పైగా ఈది ఇంగ్లిష్ ఛానల్ దాటింది. ఆసియా ఆడవాళ్ళలో మొదటిది, అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఆ సంగతి నేను బళ్ళో చదువుకున్నాను. చదువుకుని బావి గట్టు మీద కూచున్నాను.

నీళ్ళ నుంచి మమ్మల్ని ఆపింది ఆడతనం. మా వాడకి అవతల వాళ్ళని ఆపింది కులం. 1927 మార్చి 20న అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగితే, తర్వాత అగ్రకులాలవాళ్ళు ఆ చెరువుకి శుద్ధి చేశారు. 1985 జూలైలో కారంచేడులో జరిగిన దాడి కూడా నీళ్ళ దగ్గరే మొదలైంది. మాదిగవాడ తాగునీటి చెరువుని పాడుచేస్తుంటే మున్నంగి సువార్త అనే స్త్రీ అడ్డుచెప్పి, కొట్టబోతే చేతిలో బిందె ఎత్తింది. ఆరుగురు దళితుల్ని చంపారు. బావి గట్టు మీద కూచున్న నా బాధా, ఆమె బాధా ఒకటేనని నేను అనలేను. రెండిటినీ ఒకే మాటలో కలిపేస్తే స్త్రీవాదం సులువవుతుంది, చరిత్ర అబద్ధమవుతుంది.

కొలను పక్కన నైలాన్ దుస్తులుంటేనే దిగాలని బోర్డు. దాని కింద, సిబ్బందికి ప్రవేశం లేదని ఇంకో బోర్డు. నడుం లోతు నీళ్ళలో గోడ పట్టుకుని నిలబడ్డాను. తువ్వాళ్ళు తీసుకుపోవటానికి ఆమె వచ్చింది.

"చెయ్యి ఇడిసిపెట్టుర్రి అక్కా. మెడ బిగపట్టకుర్రి. నీళ్ళే మోస్తయ్."

అప్పటిదాకా మేడమ్‌ని, అక్కనయ్యాను. "మీకు ఈత వచ్చా?" అన్నాను. "చెరువుల పెరిగినోళ్ళం. గీడ మాత్రం దిగనియ్యరు" అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా కాకుండా. గట్టు మీద యూనిఫాంలో నిలబడి ఆమె చెప్తూంటే, వెల్లకిలా పడుకుని చెవుల దాకా నీళ్ళు వచ్చే వరకూ భయపడి, తర్వాత తేలాను. నిమిషం కూడా ఉండదు. అంత సుఖం నాకు ఎప్పుడూ తెలీదు. అది అబద్ధమని రాయలేను. ఆ సుఖం నాకు హక్కుగా రావాల్సిందే. అది దొరికిన తీరు మాత్రం గడీని గుర్తు చేసింది, ఈసారి గట్టు మీద ఆమె ఉంది.

డబ్బిచ్చాం కదా, ఇది వెట్టి కాదు కదా అనుకోవచ్చు. కాదు, నిజమే. ఆమెకి జీతముంది, వద్దనుకుంటే మానుకునే వీలుంది. అది చిన్న మార్పు కాదు, దాని కోసం మనుషులు పోరాడారు. కానీ నా రెండువేల ఐదొందల్లో ఆమెకి వచ్చేది రెండొందలు. రోజుకి ఆరుగురికి పడితే రాత్రికి మణికట్లు వాస్తాయట. ఆమె ఒళ్ళు ఎవరు పడతారని అడిగితే నవ్వింది.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేసి, నన్ను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన మంత్రసాని పేరేంటని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "మంత్రసానే అనేవాళ్ళమే" అంది. నా ఒంటిని మొదట ఎరిగిన చేతులవి. నా పరిశోధన నిండా ఆడవాళ్ళ పేర్లే, ఈ ఒక్క పేరూ లేదు.

ఆ హోటల్ ఆమె వాళ్ళమ్మ బతికే ఉంది. మతి బాగానే ఉందట. ఆదివారం రమ్మంది, రికార్డర్ తెచ్చుకోవచ్చంది. ముందు వాళ్ళమ్మ పేరు అడిగాను. చెప్పింది. ఇక్కడ రాసే ముందు ఆ పెద్దామె అనుమతి అడగాలి కాబట్టి ఇప్పటికి నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీద ఉంది.