నల్లపట్టీకి ముందు బ్యాడ్జీ

విద్యార్థి ఏమి ధరించి బడికి రావాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మన స్టాఫ్ రూముల్లో మొట్టమొదట వినబడే మాట "క్రమశిక్షణ". పదేళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నాను. ఆ మాటను ఎవరు, ఎవరి మీద, ఎప్పుడు ప్రయోగిస్తున్నారన్నది చూడనిదే దాని అర్థం తేలదు. అమెరికా చరిత్రలో దీనికొక ప్రసిద్ధమైన నిదర్శనం ఉంది. కాని ఆ కథను చాలామంది మధ్యలోనుంచి మొదలుపెడతారు.

వారు చెప్పేది 1965 డిసెంబరు నాటి సంగతి. అయొవా రాష్ట్రంలోని డెమోయిన్ నగరంలో కొందరు పిల్లలు, వియత్నాం యుద్ధంలో చనిపోయినవారికి సంతాపంగా చేతికి నల్లపట్టీలు కట్టుకొని బడికి వెళ్ళారు. సంగతి ముందే పసికట్టిన ప్రధానోపాధ్యాయులు రెండు రోజుల ముందే కూడి నిషేధం విధించారు. 18,000 మంది చదివే ఆ నగరపు పాఠశాలలనుంచి ఐదుగురిని బయటికి పంపారు. వారిలో మేరీ బెత్ టింకర్ వయస్సు 13 ఏళ్ళు. 1969 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో పిల్లల పక్షాన తీర్పు చెప్పింది.

ఐతే ఆ తీర్పుకు ఆధారమైన సూత్రం పుట్టింది అయొవాలో కాదు, మిసిసిపీలో. 1964 జూన్‌లో ఫిలడెల్ఫియా అనే చిన్న ఊరి దగ్గర చేనీ, గుడ్‌మన్, ష్వెర్నర్ అనే ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను క్లూ క్లక్స్ క్లాన్ ముఠా చంపి మట్టికట్ట కింద పూడ్చింది. ఆ శవాలు దొరికి రెండు నెలలైనా నిండకముందే, సెప్టెంబరులో, అదే ఊళ్ళోని నల్లజాతి పిల్లల హైస్కూలుకు 30, 40 మంది విద్యార్థులు "ఒక మనిషికి ఒక ఓటు" అన్న బ్యాడ్జీలు పెట్టుకొని వచ్చారు. వాటికీ చదువుకూ సంబంధం లేదనీ, అల్లరి రేగుతుందనీ ప్రధానోపాధ్యాయుడు అన్నాడు. (నల్లవాళ్ళను ఓటు దగ్గరికి రానివ్వని గడ్డమీద ఆ నినాదానికీ చదువుకూ సంబంధం లేదట! అక్కడ పౌరశాస్త్రం ఏమని చెప్పేవారో మరి.) బ్యాడ్జీ తీసెయ్యండి, లేదా ఇంటికి పొండి అన్నాడు. ఎక్కువమంది ఇంటికే పోయారు. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో, అది ఎంతటి సాహసమో పాఠకులే ఊహించుకోవాలి.

తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. చదువు సాగడానికి గట్టి ఆటంకం కలిగితే తప్ప ఇట్లాంటి నిషేధం చెల్లదని 1966 జూలైలో ఐదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. ఇసక్వీనా కౌంటీ పిల్లలు మాత్రం అదే రోజు, అదే కోర్టులో ఓడిపోయారు. వద్దన్నవారికి కూడా బ్యాడ్జీలు గుచ్చి తరగతులకు భంగం కలిగించారన్నది కారణం. మూడేళ్ళ తర్వాత సుప్రీంకోర్టు చేతికి తీసుకున్నది ఈ కొలబద్దనే. పేరు మాత్రం అయొవాకు దక్కింది.

ఆ సుప్రీంకోర్టు తీర్పు రాసిన ఫోర్టస్ యుద్ధం నడిపిన అధ్యక్షుడు జాన్సన్‌కు ఆంతరంగిక సలహాదారు. అయినా డెమోయిన్ బడుల్లో ఎన్నికల బ్యాడ్జీలకు, చివరికి నాజీల ఐరన్ క్రాస్‌కు కూడా అడ్డులేకపోయి, నల్లపట్టీ ఒక్కటే నేరమైందని ఆయన పట్టుకున్నాడు. వాక్స్వాతంత్ర్యానికి కంచుకోటవంటివాడని పేరుపడ్డ జస్టిస్ బ్లాక్ ఇక్కడ మాత్రం భిన్న తీర్పు రాసి, విశృంఖలత్వం రాబోతున్నదని భయపడ్డాడు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఉదారవాదం ఇట్లాగే తడబడుతుంది.

ఈ తీర్పులో ఒక పెద్ద లోటు ఉంది. లంగా పొడవు, దుస్తుల తీరు, జుట్టు కత్తిరింపు ఇందులోకి రావని అందులోనే రాశారు. అంటే నినాదానికి రక్షణ దొరికింది గాని ఒంటికి దొరకలేదు. ఆపైన జుట్టు గురించి కింది కోర్టులు తలొక తీర్పు చెబుతూ పోయాయి. సుప్రీంకోర్టు ఆ తగాదాను చేతిలోకి తీసుకోనే లేదు. 1973లో ఓక్లహోమాలో తమ సంప్రదాయం ప్రకారం జడలు వేసుకొని బడికి వెళ్ళిన పానీ తెగ కుర్రాళ్ళు ఓడిపోయారు. ఆ కేసును వినవలసిందని జస్టిస్ డగ్లస్ పట్టుబట్టినా కోర్టు వినలేదు. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ప్రభుత్వం తెరిచిన బోర్డింగు బడికి రైళ్ళలో తెచ్చిన ఆదివాసీ పిల్లలకు మొదట చేసిన పని కూడా జుట్టు కత్తిరించడమే.