తీగ మీద పట్టు: పల్నాటి వాద్యాల దారి

గిటారు చేతికి తీసుకున్నవారికి మొదట కుదరాల్సింది పట్టు. ఎడమచేతి వేళ్లు మెట్ల మధ్య ఒక తీరున నిలిస్తే తీగలన్నీ కలిసి ఒక కార్డ్‌ను పలుకుతాయి. అలాంటి పట్లు మూడు నాలుగు వస్తే ఎవరి పాటకైనా తోడు వాయించవచ్చు. ఆ పట్టును చెదరనివ్వకుండా, దాని పక్కనున్న స్వరాలను ఒక్కొక్కటిగా కలుపుకొంటూ పోతే పాట వరుస దొరుకుతుంది. సోలో అనేది అక్కడే మొదలవుతుంది. పల్నాడులో గిటారుకు పెద్ద వయసు లేదు. ఒక చిన్న కట్టుబాటును ముందు ఒంటబట్టించుకొని, దాని మీద నిలబడి సొంతంగా పాడే విద్య మాత్రం ఈ నేలకు చాలా పాతది.

తీగ వాద్యాలకు ఇక్కడి పాత సాక్ష్యం రాతి మీద ఉంది. ఇప్పటి మాచర్ల మండలంలో, కృష్ణ ఒడ్డున, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో వెలిగింది. నాగార్జునకొండగా మనకు తెలిసిన ఆ స్థలం 1926లో వెలుగు చూసింది. పురావస్తు పరిశోధకుడు లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు అక్కడ తవ్వించాడు. లోయ నాగార్జునసాగర్ నీళ్లలో మునగబోతుండగా 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో మరో పెద్ద తవ్వకం జరిగింది. ఆటపాటలకు కట్టిన మెట్ల రంగస్థలమొకటి ఆ తవ్వకాల్లో బయటపడింది. స్తూపాలకు తొడిగిన సున్నపురాయి పలకల మీద నాట్యగత్తెల పక్కన వాద్యగాళ్లు కనిపిస్తారు. వారి చేతుల్లో రెండు రకాల తీగ వాద్యాలున్నాయి. ఒకటి విల్లులా వంగిన వీణ. రెండోది కోడిగుడ్డు ఆకారపు బుర్ర, పొట్టి మెడ ఉన్న వాద్యం. అమరావతి శిల్పాల్లోనూ ఈ రెండూ ఉన్నాయి.

ఈ రెంటి మధ్య తేడా సంగీతానికి చాలా పెద్దది. విల్లు వీణలో ఒక్కో తీగ ఒక్క స్వరమే పలుకుతుంది. ఏడు స్వరాలు కావాలంటే ఏడు తీగలు కట్టాలి. శ్రుతి మార్చాలంటే అన్నింటినీ మళ్లీ బిగించాలి. మెడ ఉన్న వాద్యంలో వేలు నొక్కిన చోటును బట్టి ఒకే తీగ ఎన్నో స్వరాలు పలుకుతుంది. అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. చేతిని ఒక తీరున ఉంచి మెడ మీద పైకి జరిపితే, స్వరాల మధ్య ఎడాలు చెడకుండా పాట మొత్తం పై శ్రుతికి వెళుతుంది. గిటారు విద్యకు ఆధారమంతా ఈ సూత్రమే. విల్లు వీణ మన దేశంలో క్రమంగా దాదాపు కనుమరుగైంది. మెడ ఉన్న వాద్యాలు నిలిచాయి.

మెట్ల సంగతి తరువాత తేలింది. వీణకు మెట్లు ఎలా అమర్చాలో విజయనగర కాలపు రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో వివరించాడు. ఒక్కో రాగానికి మెట్లు సర్దుకోవాల్సిన వీణ, అన్ని రాగాలకూ సరిపోయే వీణ అని అప్పటికే రెండు తీర్లున్నాయి. స్థాయికి 12 చొప్పున 24 మెట్లు కదలకుండా బిగించిన వీణ 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథనాయకుని కాలంలో స్థిరపడిందని సంప్రదాయం. గిటారు మెడ మీద కూడా స్థాయికి 12 మెట్లే. వీణ ఎరిగినవారికి ఆ లెక్క కొత్తగా అనిపించదు.

పల్నాటి పేరు నిలిపిన పాట మాత్రం మెట్ల వాద్యం మీద పుట్టలేదు. 12వ శతాబ్దం చివర గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన యుద్ధం కారెంపూడిలో ముగిసింది. ఆ వీరుల కథను పాడటమే వృత్తిగా మాల కులంలో వీరవిద్యావంతులు తరతరాలుగా నిలిచారు. వారి గానం ఎంత పాతదో క్రీడాభిరామం చెబుతుంది. వినుకొండ వల్లభరాయని పేరుతో ఉన్న ఈ కావ్యం శ్రీనాథునిదని వాదించే పండితులూ ఉన్నారు. అందులో ఓరుగల్లు వీథిలో ఒక స్త్రీ వాద్యం మోగిస్తూ, వడిగల తాళంలో, ద్విపదలో పల్నాటి వీరులను పాడుతుంది. వింటున్న కుర్రవాళ్లు ప్రతి అక్షరానికీ కేకలు పెడుతూ ఊగిపోతారు. పల్నాటి కథ ఊరు దాటి రాజధాని వీథిదాకా వెళ్లిందనడానికీ, దాన్ని ఆడవాళ్లు కూడా పాడారనడానికీ ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ద్విపద ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు పాడేవారి అవసరంలో ఉంది. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. ఇంద్రగణానికి నాలుగైదు మాత్రలు, సూర్యగణానికి మూడు. అంటే మూడు అడుగులు సాగి, నాలుగోది కురచగా పడి పాదం ఆగుతుంది. మూడో గణం మొదటి అక్షరం యతి. పాదం మధ్యలో అది చేతికి దొరికే గుంజలాంటిది. రెండు పాదాలకూ ప్రాస ఉండాలన్న నియమాన్ని కూడా వదిలేస్తే అది మంజరీ ద్విపద. శ్రీనాథుని పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర ఆ మంజరిలోనే నడుస్తుంది. ఇంత చిన్న కొలత ఒకసారి చెవిలో కూర్చుంటే గాయకుడు వేల పాదాలను బట్టీ పట్టనవసరం లేదు. కథ తెలుసు, వీరుల పేర్లు, బిరుదులు, గుర్రాల వర్ణనలు, యుద్ధానికి బయలుదేరే తీరు నోటికి వచ్చు. వాటిని పాదంలోకి అక్కడికక్కడే పేర్చుకుంటాడు. జనం ఉత్సాహంగా ఉంటే పల్నాటి వీరుడు బాలచంద్రుని ఘట్టం రాత్రంతా సాగుతుంది, అలసిపోతే గంటలో ముగుస్తుంది. కొలత మారదు, నిడివి మారుతుంది. నేర్చుకునేవాడు మొదట వెనుక నిలబడి వంత పాడతాడు, తాళం పట్టుకుంటాడు. తరువాతే కథ అందుకుంటాడు. మాటలకన్నా ముందు నడక రావాలన్న ఈ క్రమం ఏ వాద్యం నేర్చేవారికైనా పనికొస్తుంది.

అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చు వేయించాడు. నోటి పాటను పాటగానే పరిశీలించి జీన్ రోఘైర్ రాసిన ఇంగ్లిష్ గ్రంథం 1982లో వెలువడింది. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల తిరునాళ్లు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదు రోజులు సాగుతాయి. యుద్ధకథలోని ఘట్టాలే ఆ రోజులకు పేర్లయ్యాయి.

వీరుల కథ తీగ వాద్యం మీదికి ఎక్కింది బుర్రకథతో. కథకుడి భుజం మీద తంబుర, చేతి వేళ్లకు అందెలు, రెండు పక్కలా బుర్రలు వాయించే వంతలు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా తిప్పింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ చెప్పిన పల్నాటి యుద్ధం ఆ రోజుల్లో పేరుపొందిన కథల్లో ఒకటి. ప్రభుత్వం ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చింది. బుర్రకథ తంబుర మీద వేళ్లు స్వరస్థానాలు వెతకవు. తీగను ఖాళీగానే మీటుతారు. శ్రుతి, లయ రెండూ దానిమీదే ఉంటాయి. వరుస మొత్తం కథకుడి గొంతుది.

తంబురలో దాగిన ఒక విశేషం గిటారు వైపు దారి చూపుతుంది. కచేరీ తంబుర నాలుగు తీగలకు ప, స, స, స శ్రుతి చేస్తారు. మంద్ర షడ్జం తీగను మీటి శ్రద్ధగా వింటే అందులో అంతర గాంధారం కూడా సన్నగా మోగుతుంది. తీగ ఐదో వంతులుగా కంపించడం వల్ల తనంతట తాను పుట్టే స్వరమది. సంగీతజ్ఞులు దాన్ని స్వయంభువు అంటారు. స, గ, ప మూడూ కలిస్తే గిటారు వాయించేవారు మేజర్ కార్డ్ అనే ధ్వని వస్తుంది. తంబుర చాటుగా పలికే గాంధారాన్ని గిటారు వేలితో నొక్కి పైకి పలికిస్తుందన్నమాట. కర్ణాటక సంగీతంలో కార్డ్ లేదనడం నిజమే అయినా, కార్డ్ ఈ చెవికి పూర్తిగా పరాయిదనడం మాత్రం సరికాదు.

హార్మోనియం పద్యనాటకాలతో వచ్చింది. శ్రుతిని అంకెల్లో చెప్పే అలవాటు దానితో బలపడింది. ఒకటి అంటే సి, రెండు అంటే డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి. నాలుగున్నర, ఐదున్నర నల్ల మెట్లు. పడమటి పాటలు క్రైస్తవ మిషన్లతో చేరాయి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. అయితే తెలుగు క్రైస్తవులు పాడుకున్నవి అనువాద కీర్తనలు మాత్రమే కావు. పురుషోత్తమ చౌదరి వంటి వారు రాసిన కీర్తనలు మన రాగతాళాల్లోనే నడిచాయి. ఇవాళ చర్చిలో కీబోర్డు, డ్రమ్ముల పక్కన గిటారు ఉన్నప్పుడు, ఒంటి వరుసగా పుట్టిన అలాంటి పాటలకు కార్డులు వెతికి పెట్టాల్సి వస్తుంది. గిటారు నేర్చే కుర్రవాడికి అసలు పని అక్కడ పడుతుంది.

ఆ పనికి ఇ ఆకారపు పట్టు ఒక్కటి చాలు. చూపుడువేలిని ఒక మెట్టు దగ్గర ఆరు తీగల మీదా అడ్డంగా వేసి, మిగిలిన మూడు వేళ్లతో ఇ కార్డ్ ఆకారం కట్టాలి. లావు తీగ నుంచి సన్న తీగ దాకా వచ్చే స్వరాలు వరుసగా స, ప, స, గ, ప, స. తంబుర శ్రుతికి గాంధారం చేర్చినట్టే ఉంటుంది. చూపుడువేలి అడ్డు లేకుండా, ఖాళీ తీగలను కలుపుకొని కట్టిన ఇ కార్డ్ మూడు శ్రుతి. మొదటి మెట్టులో నాలుగు, రెండో మెట్టులో నాలుగున్నర, మూడో మెట్టులో ఐదు శ్రుతి. పాడేవారి గొంతు మారితే పట్టు మారదు, మెట్టు మారుతుంది.

ఇక సోలో. ఐదు శ్రుతిలో, అంటే మూడో మెట్టు దగ్గర పట్టు ఉందనుకుందాం. సన్న తీగలు మూడింటినే చూడాలి. మూడో తీగ మీద కార్డ్‌లోని గాంధారం నాలుగో మెట్టులో ఉంది. దానికి రెండు మెట్లు వెనక్కి వస్తే రిషభం. రెండో తీగ మీద పంచమం మూడో మెట్టులో, దానికి రెండు మెట్లు ముందుకు వెళితే ధైవతం. మొదటి తీగ మీద పై షడ్జం మూడో మెట్టులో, ఐదో మెట్టులో మళ్లీ రిషభం. రి, గ, ప, ద, స, రి: మోహన రాగం మొత్తం నాలుగు మెట్ల వెడల్పులో అరచేతి కింద ఉంది. అందులో మూడు స్వరాలు కార్డ్‌వే. వరుస ఎటు తిరిగినా ఆ మూడింటిలో ఒకదాని మీద ఆగితే పాట తేలిపోదు. ద్విపదలో పాదం సూర్యగణం మీద ఆగినట్టే ఇది కూడా. కొత్తవారు చేసే పెద్ద పొరపాటు మెట్లన్నీ ఒకేసారి తిరగాలనుకోవడం. ఆరు స్వరాలతో వారం రోజులు పాడుకున్న చెయ్యి తరువాత ఎక్కడికైనా పోగలదు.

మైనర్ కార్డ్‌లో అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం వస్తుంది. దానికి మ, కైశికి నిషాదం చేరిస్తే శుద్ధధన్యాసి రాగం. శంకరాభరణానికి మూడు కార్డులు కావాలి: స గ ప, మ ద స, ప ని రి. ఏడు స్వరాలూ ఈ మూడింటిలోనే ఉన్నాయి. కాబట్టి పాటలో ఏ స్వరం మీద నిలిచినా దాన్ని మోసే కార్డ్ ఒకటి దొరుకుతుంది. మోహనానికి మాత్రం రెండో కార్డ్ జాగ్రత్తగా వాడాలి. అందులోని మధ్యమం ఆ రాగంలో లేదు. సోలో వాయించేవారు ఆ కార్డ్ మోగుతున్నప్పుడు ధైవతం, షడ్జాల మీదే నిలవడం మంచిది.

పట్టు ఇవ్వలేనిది గమకం. మెట్టు మీద వేలు ఆనితే స్వరం కదలకుండా నిలబడుతుంది. మన పాటలో గాంధారం, ధైవతం అలా నిలబడవు, ఊగుతాయి. వీణ మీద తీగను పక్కకు లాగినట్టే గిటారు మీదా లాగాలి. రిషభం మెట్టులో వేలు ఉంచి తీగను గాంధారం దాకా లాగి మెల్లగా వదలడం మొదటి సాధన. గిటారుకు ఇందుకోసం సన్న తీగలు కట్టుకుంటే లాగడం తేలిక. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాన్ని పూర్తిగా పలికించాడు. మెట్ల వాద్యం ఇందుకు అడ్డు కాదని ఆయన కచేరీలు విన్నవారందరికీ తెలుసు.