ఉప్పునీటి తుంపర: శ్వాసవైద్యమున దాని చరిత్ర

నాడు ఆస్ట్రియా ఏలుబడిలో నుండిన వియెలిచ్కా ఉప్పుగనులలో వైద్యుడుగా నుండిన ఫెలిక్స్ బొచ్‌కోవ్‌స్కీ, గనిలోని ఉప్పుధూళి నిండిన గాలి శ్వాసరోగులకు హితకరమని విశ్వసించి, తన అభిప్రాయములను 1843లో గ్రంథరూపమున ప్రకటించెను. పదునైదేండ్లకు పారిస్ వైద్యుడు సాల్-జిరోఁ, ఖనిజపు టూటల యొద్దకు పోజాలని రోగులకు ఆ జలమునే తుంపరగా అందింపవలెనను సంకల్పముతో, చేతిపంపుతో పనిచేయు యంత్రము నొకదానిని నిర్మించెను. 1860వ దశకమున జర్మనీలో సీగ్లే అను వైద్యుడు ఆవిరి బలముతో ద్రవమును చిమ్ము పరికరమును రూపొందించెను. నేడు మన ఆసుపత్రులలో, ఇండ్లలో సైతము, గుఱ్ఱుమని మ్రోయుచుండు నెబ్యులైజరునకు ఈ యంత్రములే పూర్వులు. ఆ వైద్యులకు ఉప్పునీరు మేలుచేయునని తోచినదే కాని, ఏల చేయునో చెప్పుటకు ఆధారము లేకుండెను; ఆ ‘ఏల’కు సమాధానము దొరకుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

ఆరోగ్యవంతుని శ్వాసనాళముల లోపలి గోడలపై శైలికలనెడు సూక్ష్మరోమములు పలుచని ద్రవములో మునిగి నిరంతరము ఊగుచుండును. ఆ ద్రవముపైని శ్లేష్మపు పొర, మనము పీల్చిన ధూళిని, సూక్ష్మక్రిములను తనయందు చిక్కించుకొని, శైలికల ఊపునకు మెల్లగా గొంతువఱకు కదలివచ్చును; దానిని మనము తెలియకయే మ్రింగివేయుదుము. ఈ పలుచని ద్రవము ఇంకిపోయినచో శ్లేష్మము చిక్కబడి గోడలకు అంటుకొనును, శైలికలు దానిక్రింద నలిగిపోవును, నిలిచిన కఫమున క్రిములు కాపురము పెట్టును. దీర్ఘకాలిక శ్వాసరోగములలో పెక్కింటికి, కారణములు వేఱైనను, ఈ దురవస్థ సామాన్యము.

ఇది అత్యంత ఘోరరూపమున కానవచ్చు వ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్. ముద్దిడినప్పుడు నుదురు ఉప్పగా తోచిన శిశువు బ్రతుకదని యూరోపు జానపదులలో పూర్వమొక నమ్మకముండెను గాని, 1938లో న్యూయార్క్ నగరమున డొరొతీ ఆండర్సన్ అను వైద్యురాలు వర్ణించువఱకు దీనికి ప్రత్యేకవ్యాధిగా గుర్తింపు స్థిరపడలేదు. 1948 వేసవిలో ఆ నగరమున ఎండలు మిక్కుటమైనప్పుడు వడదెబ్బతో ఆసుపత్రి చేరిన పిల్లలలో ఈ వ్యాధిగ్రస్తులు ఎక్కువగా నుండుట వైద్యుల దృష్టి నాకర్షించెను. పిమ్మట 1953లో డి సాంత్‌అన్యేసే బృందము ఈ పిల్లల చెమటలో ఉప్పు అమితముగా నుండునని నిరూపించినది. చెమటతో ఉప్పును పోగొట్టుకొను రోగమునకు తుదకు ఉప్పే మందగుట ఈ చరిత్రలోని ఒక వింత.

అయితే మొదట తట్టినది ఉప్పు కాదు, నీరు. కఫము ఎండినదే దోషమైనచో తడిపిన చాలునని తలచి, 1950, 60 దశకములలో అమెరికా వైద్యులు పిల్లలను రాత్రులందు మంచుతుంపరతో నిండిన ప్లాస్టిక్ గుడారములలో పరుండబెట్టుచుండిరి. దుప్పట్లు తడిసెను, జుట్టు తడిసెను. ఊపిరితిత్తుల లోతులకు చేరిన నీరు మాత్రము అత్యల్పము. కొలిచి చూడగా ప్రయోజనము కానరాకపోవుటచే 1970వ దశకమున ఆ గుడారములు క్రమముగా మూలబడెను. తర్కము సరిగా నున్నంతమాత్రమున చికిత్స ఫలింపదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము వేఱొకటి నాకు స్ఫురించుట లేదు.

ఉప్పునీటికి ద్వారము తెఱచినది చికిత్స కాదు, పరీక్ష. 1958లో బికర్‌మన్, ఆయన సహచరులు ఊపిరితిత్తుల కాన్సరును గుర్తించుటకు కఫము కావలసి, అది రానివారిచేత గాఢ లవణద్రవపు తుంపరను పీల్పించి తెప్పించు పద్ధతిని ప్రకటించిరి. కఫపరీక్షకు గళ్ళ రానివారియందు, ముఖ్యముగా క్షయ నిర్ధారణకై, ఈ యుపాయము నేటికిని వాడుకలో నున్నది. పరీక్షకు కఫమును రప్పించునది రోగికి ఉపశమనము నేల కలిగింపరాదు? ఈ ప్రశ్నను కొలతకు తెచ్చినవారు లండను పరిశోధకులు పావియా, థాంసన్, క్లార్క్. రేడియో ధార్మికత గల సూక్ష్మకణములను పీల్పించి, అవి ఊపిరితిత్తులనుండి ఎంత వేగముగా తొలగునో లెక్కించి, గాఢ లవణజలము పిదప దీర్ఘకాలిక బ్రాంకైటిస్ రోగులలో ఆ వేగము హెచ్చుచున్నదని 1978లో వారు చూపిరి.

అటుపిమ్మట కారణము దొరకినది. తాను స్వయముగా సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగియైన శాస్త్రవేత్త పాల్ క్వింటన్, ఈ వ్యాధిలో స్వేదనాళములు క్లోరైడును పోనీయవని 1983లో కనుగొనెను. 1989లో దోషభూయిష్టమైన జన్యువే పట్టుబడినది. ఉప్పు కదలనిచోట నీరును కదలదు. కావున శ్వాసనాళముల తడి ఆఱిపోవును. బయటనుండి ఉప్పును చేర్చినచో, మామిడికాయ ముక్కలపై ఉప్పు చల్లగా నీరూరినట్లు, ద్రవాభిసరణముచే కణజాలములోని నీరు పైకి వచ్చి కఫమును పలుచన చేయవలెను. సిడ్నీ నగరమున రాబిన్సన్, బై మొదలగువారు 1990వ దశకమున ఈ ప్రయోగమును సాగించి, 3, 7, 12 శాతముల ద్రవములను పోల్చి చూచిరి. సముద్రపు అలలపై క్రీడించు రోగుల ఊపిరితిత్తులు మెఱుగుగా నుండుట ఆస్ట్రేలియా వైద్యులకు ప్రోత్సాహమైనదను కథనము ప్రచారములో నున్నది. కథ రమ్యమే గాని, దానికంటె కొలతలే ఎక్కువ నమ్మదగినవి.

ఆ కొలతలలో ముఖ్యమైనది 2006 జనవరిలో ఎల్కిన్స్ బృందము ఒక వైద్యపత్రికలో ప్రకటించిన పరిశోధన. 164 మంది రోగులు 48 వారములు రోజునకు రెండుమారులు 4 మిల్లీలీటర్ల ద్రవమును పీల్చిరి. సగము మందికి 7 శాతము ఉప్పునీరు, తక్కినవారికి శరీరద్రవములతో సమానమైన 0.9 శాతము ఉప్పునీరు. తనకు దొరకినది ఏదో నాలుకకు తెలియకుండుటకై రెంటిలోను చేదైన క్వినైన్ కలిపిరి. ఉప్పును చేదుతో దాచిన ఈ యుక్తి చిన్నదే గాని, పరిశోధన యోగ్యత అంతయు దానిపైననే నిలిచినది. ప్రధానముగా వెదకినది, అనగా కాలక్రమమున ఊపిరి సామర్థ్యము మాఱు రేటులో భేదము, కానరాలేదు. కాని ఉప్పునీరు పీల్చినవారి ఊపిరి మొత్తముమీద కొంచెము మెఱుగయ్యెను. వ్యాధి తిరుగబెట్టుటలు 56 శాతము తగ్గెను. బడికి, పనికి పోలేని దినములు తగ్గెను. రోగికి కావలసినది యంత్రముపైని అంకె కాదు, మంచము పట్టని దినము. కావున దీనిని విజయమని పిలుచుటకు నాకు సంకోచము లేదు.

ఆ పత్రిక అదే సంచికలో డోనాల్డ్‌సన్ బృందము ప్రకటించిన మఱియొక పరిశోధన సిద్ధాంతకారులకు పాఠము చెప్పినది. సోడియమును కణములు పీల్చుకొనకుండ అడ్డగించు అమిలోరైడును ముందుగా ఇచ్చినచో ఉప్పునీటి ప్రభావము దీర్ఘకాలము నిలుచునని వారు ఆశించిరి, జరిగినది విపరీతము. ఉప్పునీరు మాత్రమే పీల్చినవారిలోనే కఫనిష్క్రమణ వేగము ఎనిమిది గంటలకు మించి నిలిచినది. అమిలోరైడు తోడుకాగా ఆ మేలు నశించినది.

పిదప వచ్చినది మితులు తెలిసికొనిన కాలము. 2012లో అమెరికా, కెనడాలలో 321 మంది పసిపిల్లలపై జరిగిన పరిశోధనలో వ్యాధి తిరుగబెట్టుట తగ్గలేదు. 2019లో మూడు మొదలు ఆఱేండ్లలోపు పిల్లలలో సూక్ష్మమైన శ్వాసపరీక్ష మేలును చూపినది. శ్వాసనాళములు వెడల్పై కఫము నిలుచు బ్రాంకియెక్టాసిస్ వ్యాధిలో, మెల్బోర్న్‌లో 40 మందిపై ఏడాదిపాటు జరిగిన పరిశీలనలో 6 శాతము ద్రవమునకును సామాన్యపు ఉప్పునీటికిని భేదము కనబడలేదు. 2025లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనయు తిరుగబెట్టుటలు చెప్పదగినంతగా తగ్గలేదనియే తేల్చినది. ఇక సిస్టిక్ ఫైబ్రోసిస్ మూలదోషమునే సవరించు మాత్రలు వచ్చినపిమ్మట, వానిని వాడువారు ఉప్పునీటిని ఆఱువారములు మానినను ఊపిరి సామర్థ్యమునకు చెప్పదగిన హాని లేదని తేలినది. మందులలో పదవీవిరమణ చేయు అదృష్టము అన్నిటికిని పట్టదు.

అయినను ఆ మాత్రలు మిక్కిలి ఖరీదైనవి. మన దేశమున ఉప్పునీటి పని ఇప్పట్లో ముగియదు. భారతీయ బ్రాంకియెక్టాసిస్ రోగులు 2,195 మంది వివరములతో 2019లో వెలువడిన పరిశీలనలో, ఆ వ్యాధికి అన్నిటికంటె తఱచైన కారణము క్షయయని తేలినది. అనగా క్రిములు చచ్చినను అవి చేసిన గాయమును జీవితాంతము మోయువారు మనలో పెక్కుమంది. ఇట్టివారికి కఫమును వెడలించు వ్యాయామములకు తోడుగా వైద్యుడు ఉప్పునీటిని సూచింపవచ్చును. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలలో 3, 7 శాతములను పోల్చి, 3 శాతము తీసిపోదని చూపిరి.

పాఠకులకు ఒక హెచ్చరిక. గాఢ లవణజలము కొందఱి శ్వాసనాళములను బిగియజేసి పిల్లికూతలను, ఆయాసమును తెప్పించును. అందుచే మొదటి మోతాదు వైద్యుని యెదుట, నాళములను వ్యాకోచింపజేయు మందు పీల్చినపిదప పుచ్చుకొనవలెను. వంటింటి ఉప్పును కుళాయినీటిలో కలిపి యంత్రమున పోయరాదు. క్రిమిరహితముగా సిద్ధము చేసిన ద్రవమునే వాడవలెను. గిన్నెను, ముఖకవచమును ప్రతిమాఱు కడిగి ఆఱబెట్టనిచో, కఫముతో వెడలగొట్టదలచిన క్రిములనే తుంపరతో లోనికి పంపినవార మగుదుము.