చందా పుస్తకంలో ఆమె పేరేది?

వరంగల్‌లో నలుగురు స్త్రీలం కలిసి ఒక చిన్న సంకలనం వేద్దామని కూర్చున్న ప్రతిసారీ రచనల కంటే ముందు డబ్బు మాట వస్తుంది. ఆ వెంటనే మొహమాటమూ వస్తుంది. ఇంకా అచ్చు కాని పుస్తకానికి పాఠకులను డబ్బెలా అడగడం? అమ్ముకోవడానికి బయలుదేరారంటారేమో! ఇప్పుడు దీన్ని ప్రీ ఆర్డర్ అంటున్నాం గానీ ముందస్తు చందా మనకేమీ కొత్త కాదు.

1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి శాశ్వత చందాదారులను ముందే చేర్చుకుని వారికి తగ్గింపు ధరకు పుస్తకాలిచ్చింది. ఎన్ని ప్రతులు తప్పక వెళ్తాయో తెలిస్తే అచ్చుకు ధైర్యం వస్తుంది. ఆ సంస్థకు ప్రాణమైన కొమర్రాజు లక్ష్మణరావు చదువు సాగింది అక్క భండారు అచ్చమాంబ నీడలో. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన ఆమె 1905లోనే కన్నుమూసింది. గ్రంథమండలి చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ అక్క ఇంటినుంచి మొదలుపెట్టేవాళ్లు ఎందరు?

1922లో మన ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి అనే పల్లెనుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు పత్రిక’ నడిపారు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ కవుల సంచిక’ వచ్చింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు 354 మంది కలిసి చెప్పిన జవాబది. సమష్టి సంకలనానికి అంతకంటే పెద్ద ఉదాహరణ మనకేం కావాలి? అయితే అందులో కవయిత్రులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందే.

1966లో సాహితీ మిత్రులు హనుమకొండలో ‘సృజన’ మొదలుపెట్టారు. త్రైమాసికంగా పుట్టి తర్వాత మాసపత్రిక అయింది. వరవరరావు స్థాపకుడిగా అందరికీ తెలుసు. సంపాదకురాలిగా పి. హేమలత పేరు అంతగా గుర్తుండదు. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం అచ్చువేసినవారి పేరూ ప్రచురించినవారి పేరూ సంచికపై ఉండి తీరాల్సి వచ్చేది. పత్రికమీద పేరుండటమంటే కేసొస్తే జవాబు చెప్పాల్సిన బాధ్యత నెత్తినెత్తుకోవడమే.

పేరున్న స్త్రీనే మరిచిపోయినచోట, చిరునామాలు రాసి, బిళ్లలంటించి, బకాయిలకు కార్డుముక్క వేసిన స్త్రీల పేర్లు ఎక్కడ వెతుకుతాం? పాఠకురాలి సంగతీ అంతే. ఇంట్లో పత్రిక చదివేది ఆమె, చందా ఆయన పేరున. రేపు స్త్రీల పఠనచరిత్ర రాయబోయే పరిశోధకురాలికి ఆ చందా పుస్తకంలో కనిపించేది ఆయనే.

అందుకే ఈసారి సంకలనానికి ముందస్తు చందా అడిగేటప్పుడు సిగ్గుపడొద్దు. పేజీలెన్నో, వెల ఎంతో, ఎవరెవరు రాస్తున్నారో, ఏ నెలలో చేతికందుతుందో ముందే చెబుదాం. సంచిక రాకపోతే డబ్బు వెనక్కిస్తామనీ చెబుదాం. కాలేజీ స్టాఫ్‌రూములో, సభల దగ్గర బల్లమీద, తెలిసినవాళ్ల ఇళ్లలో అడుగుదాం. డబ్బు ఎవరి ఫోన్‌నుంచి వచ్చినా, చదివే మనిషి ఎవరని అడిగి ఆమె పేరే రాద్దాం. లెక్క చూసినవారి పేరూ, కట్టలు మోసినవారి పేరూ సంచిక లోపలి పేజీలో వేద్దాం. పని ముగిశాక ఆ చందా పుస్తకాన్ని పాతకాగితాలవాడికి వెయ్యకుండా దాచిపెడదాం.